గ్రీన్ కరెంటు సర్టిఫికేట్: యూనిట్‌కి 66 పైసలా, 11 పైసలా?

నూనె గానుగలు, చిరుధాన్యాల మిల్లులు, పసుపు పొడి యూనిట్లు పెట్టుకున్న రైతు సంఘాల వాళ్ళు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. సరుకు కొనే కంపెనీలు "మీరు వాడే కరెంటు ఎక్కడిది?" అని ఫారం నింపమంటున్నాయట. డిస్కం ఆఫీసుకి వెళ్తే గ్రీన్ టారిఫ్ ఉంది, యూనిట్‌కి కొంత ఎక్కువ కడితే సంవత్సరానికి ఒక సర్టిఫికేట్ ఇస్తాం అంటారు. ఈలోపు ఎవరో ఫోన్ చేసి, అందులో ఆరో వంతుకే నేను సర్టిఫికేట్ ఇప్పిస్తాను అంటాడు. రెండూ గ్రీనే అయితే ధరలో ఇంత తేడా ఎందుకు? ఏది కొనాలి? అసలు కొనాలా?

పై వీడియోలో బోర్డు మీద లెక్క వేసి చూపించాం గానీ చాలామంది రాతలో పెట్టమన్నారు. అందుకే ఇది. తీరిగ్గా చదవండి, లెక్కలు కొంచెం ఉంటాయి.

ముందే ఒక మాట. పొలంలో బోరు మోటారుకి దీనితో పని లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ కరెంటు చాలామందికి ఉచితమే. ఈ గొడవంతా మీటరు తిరిగి బిల్లు వచ్చే చోటే, అంటే మిల్లు, గోదాము, కోల్డ్ రూం, ప్యాకింగ్ షెడ్డు దగ్గర.

కరెంటుకి రంగు ఉండదు

పాలకేంద్రం గుర్తు తెచ్చుకోండి. మీరు నాటు ఆవు పాలు, మీ పక్కాయన హెచ్‌ఎఫ్ ఆవు పాలు, ఇంకొకరు గేదె పాలు పోస్తారు. అన్నీ ఒకే క్యాన్‌లో పడతాయి. ఆ క్యాన్ నుంచి వచ్చిన ప్యాకెట్ చూసి ఇందులో ఎవరి పాలు ఎన్ని అని ఎవరూ చెప్పలేరు. కానీ కేంద్రంలో పుస్తకం ఉంటుంది. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో అందులో రాసి ఉంటుంది.

కరెంటు గ్రిడ్ అంతే. శ్రీశైలం జలవిద్యుత్తు, సింహాద్రి బొగ్గు కరెంటు, అనంతపురం కొండల మీద గాలిమరల కరెంటు, గని, శకునాల దగ్గర ఉన్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు కరెంటు, రామగుండం రిజర్వాయరు మీద తేలుతున్న 100 మెగావాట్ల ప్యానెళ్ళ కరెంటు, అన్నీ ఒకే తీగల్లో కలిసిపోతాయి. మీ గానుగ మోటారులోకి వచ్చింది ఏది అంటే భౌతికంగా సమాధానం లేదు. "మీకు ప్రత్యేకంగా సోలార్ కరెంటు పంపిస్తాం" అని ఎవరైనా అంటే వాళ్ళు చెప్పేది పుస్తకం లెక్క గురించే, తీగలో వచ్చే దాని గురించి కాదు.

ఆ పుస్తకం లెక్కకే సర్టిఫికేట్ అని పేరు. పునరుత్పాదక ఇంధన సర్టిఫికేట్, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఆర్‌ఈసీ. 1 సర్టిఫికేట్ అంటే 1 మెగావాట్ అవర్, మన భాషలో 1000 యూనిట్లు. సోలార్, గాలి, చిన్న జలవిద్యుత్తు, బయోమాస్ లాంటి ప్లాంటు 1000 యూనిట్లు తయారు చేసి గ్రిడ్‌లో పోస్తే ఒక కాగితం పుడుతుంది. కాగితం అంటే ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక ఎంట్రీ. కరెంటుని మామూలు కరెంటుగా ఒకరికి అమ్మొచ్చు, దాని "పచ్చదనాన్ని" ఈ కాగితం రూపంలో ఇంకొకరికి అమ్మొచ్చు.

ఇక్కడ ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి ఒక్కసారిగా అనుమానం రావాలి. మనం పండించిన మందుల్లేని బియ్యాన్ని మార్కెట్ యార్డులో మామూలు రేటుకి అమ్మేసి, "ఇది మందుల్లేనిది" అన్న మాటని మాత్రం హైదరాబాద్‌లో ఒక కొట్టు వాడికి విడిగా అమ్మితే? అతను మామూలు బియ్యం సంచి మీద ఆ మాట అతికించి అమ్మితే? బియ్యం విషయంలో దాన్ని మోసం అంటాం, ఎందుకంటే తినేవాడి పళ్ళెంలోకి మందు వెళ్తుంది. కరెంటు విషయంలో అలా అనలేం. వాడేవాడి దగ్గరకి వచ్చే కరెంటు ఎలాగూ ఒకటే, తేడా తయారీ దగ్గర పొగ వచ్చిందా లేదా అన్నదే. అందుకే కాగితాన్ని విడదీసి అమ్మే పద్ధతి ఇక్కడ చెల్లుతుంది. ఒక్క షరతు మీద: కాగితం అమ్మేశాక ఆ యూనిట్లు ఇంకెవరి లెక్కలోనూ గ్రీన్‌గా ఉండకూడదు. ఒకే దూడని ఇద్దరికి అమ్మకూడదు. ఈ వ్యాపారంలో వచ్చే తగాదాలన్నీ ఈ షరతు చుట్టూనే తిరుగుతాయి.

ఈ కాగితాలు ఎవరికి కావాలి?

డిస్కంలకే కావాలి, అందరికన్నా ముందు. 2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్ ప్రకారం ప్రతి డిస్కం తను సరఫరా చేసే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి కొనాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. దీన్ని ఆర్‌పీఓ అంటారు, అంటే కొనుగోలు బాధ్యత. 2023 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఈ శాతం 2024-25లో 29.91, ఏటా పెరుగుతూ 2029-30కి 43.33 కావాలి. సొంత ప్లాంట్లు నడిపే పెద్ద ఫ్యాక్టరీలు, బయటి నుంచి నేరుగా కరెంటు కొనుక్కునేవాళ్ళు కూడా ఈ బాధ్యత కింద ఉన్నారు.

రాజస్థాన్‌కి ఎండ ఉంది, తమిళనాడుకి గాలి ఉంది, కొన్ని రాష్ట్రాలకి రెండూ అంతంత మాత్రమే. అలాంటి రాష్ట్రాలు బాధ్యత ఎలా తీర్చుకోవాలి? అందుకని 2010లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఈ సర్టిఫికేట్ల పద్ధతి పెట్టింది. 2011 మార్చిలో మొదటి వ్యాపారం జరిగింది. జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం వీటిని జారీ చేస్తుంది. ఐఈఎక్స్, పీఎక్స్ఐఎల్ లాంటి పవర్ ఎక్స్‌చేంజీల్లో వేలంలా అమ్ముడవుతాయి. కొన్నవాడి లెక్కలో పడ్డాక ఆ కాగితం రద్దవుతుంది, అంటే వాడేసినట్టు.

ఐదు అంకెల నుంచి మూడు అంకెలకి

ధర కథ వింటే మన టమాటా గుర్తొస్తుంది. మొదట్లో ప్రభుత్వం కనిష్ఠ ధర, గరిష్ఠ ధర కట్టింది. సోలార్ సర్టిఫికేట్‌కి కనిష్ఠం 12,000 రూపాయలు, గరిష్ఠం 17,000. సోలార్ కాని వాటికి 1,500 నుంచి 3,900. ఒక్క సర్టిఫికేట్ 1000 యూనిట్లు కదా, అంటే సోలార్ పచ్చదనానికే యూనిట్‌కి కనీసం 12 రూపాయలు! పిచ్చి ధర కాదది. ఆ రోజుల్లో సోలార్ కరెంటు తయారీ ధర అలా ఉండేది. 2010-11కి కేంద్ర మండలి లెక్క కట్టిన సోలార్ రేటు యూనిట్‌కి 17 రూపాయల 91 పైసలు. మామూలు కరెంటు ధర పోగా మిగిలిన తేడాని సర్టిఫికేట్ పూడ్చాలన్నది ఆలోచన.

తర్వాత ప్యానెళ్ళ ధర పడిపోయింది. 2020 చివర్లో గుజరాత్ వేలంలో సోలార్ కరెంటు యూనిట్ 1 రూపాయి 99 పైసలకి వచ్చింది. పూడ్చాల్సిన గొయ్యే లేనప్పుడు మట్టికి ధర ఏముంటుంది? సోలార్ సర్టిఫికేట్ కనిష్ఠ ధర 2012లో 9,300కి, 2015 ప్రాంతంలో 3,500కి, 2017లో 1,000కి దిగింది. ఒక దశలో కోటికి పైగా సర్టిఫికేట్లు కొనేవాళ్ళు లేక మూలిగాయి. కొనాల్సిన డిస్కంలు కొనలేదు, కొనకపోతే గట్టిగా అడిగిన మండళ్ళూ తక్కువే. 2020 జూన్‌లో కనిష్ఠ ధర సున్నా చేస్తే తయారీదారులు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి వెళ్ళారు, ఏడాదికి పైగా వ్యాపారమే ఆగింది. 2021 నవంబర్‌లో మళ్ళీ మొదలైంది. 2022 డిసెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు కనిష్ఠ, గరిష్ఠ ధరలు రెండూ తీసేశాయి. సర్టిఫికేట్ అమ్ముడయ్యేదాకా చెల్లుతుందన్నాయి, గడువు లేదు. కుళ్ళిపోని టమాటా అన్నమాట. నిల్వలు మార్కెట్ మీద పడ్డాయి. 2024లో ధర 110 రూపాయల దాకా జారింది. తర్వాత మళ్ళీ 300 దాటింది గానీ పాత రోజులు పాత రోజులే.

110 రూపాయలకి 1000 యూనిట్లు. యూనిట్‌కి 11 పైసలు. పైన హెడ్డింగులో ఉన్న రెండో అంకె ఇదే.

కొత్త నిబంధనల్లో మన పొలాలకి సంబంధించిన ఒక సంగతి ఉంది, చెప్పకుండా వదిలేయలేను. అన్ని రకాల కరెంటుకీ ఒకటే లెక్క కాదిప్పుడు. కొత్తగా వచ్చే ప్లాంట్లకి సోలార్, గాలి అయితే 1000 యూనిట్లకి ఒక సర్టిఫికేట్, జలవిద్యుత్తుకి ఒకటిన్నర, పట్టణ చెత్త నుంచి చేసే కరెంటుకి రెండు, బయోమాస్‌కి రెండున్నర. బయోమాస్ అంటే వరిగడ్డి, పత్తి కట్టె, ఊక. కాలబెట్టే గడ్డిని ప్లాంటుకి ఇస్తే మంచిదే, ఢిల్లీ పొగ సంగతి అందరికీ తెలుసు. కానీ ఆచ్ఛాదనగా నేల మీద పరిచే గడ్డిని కూడా టన్నుకి ఇంత అని బేరం పెట్టి తీసుకుపోతే? ఆ కాగితం లెక్కలో అది పచ్చ కరెంటే. మన నేల లెక్కలో అది సేంద్రియ కర్బనం, వానపాము తిండి. సర్టిఫికేట్ రెండున్నర రెట్లు ఇస్తుంది కదా అని బయోమాస్ ప్లాంటు వాళ్ళ ఏజెంటు మంచి రేటు చెప్పినా, మీ మల్చింగుకి సరిపడా గడ్డి పక్కన పెట్టుకున్నాకే మిగతాది అమ్మండి అని నా సలహా.

మరి డిస్కం గ్రీన్ టారిఫ్?

ఇప్పుడు హెడ్డింగులో మొదటి అంకె. 2021 మార్చిలో మహారాష్ట్ర నియంత్రణ మండలి, 100 శాతం గ్రీన్ కరెంటు కావాలని కోరే వినియోగదారులు మామూలు టారిఫ్ మీద యూనిట్‌కి 66 పైసలు అదనంగా కట్టాలని నిర్ణయించింది. అడిగితే డిస్కం సర్టిఫికేట్ ఇస్తుంది. తర్వాత చాలా రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి, మన రెండు రాష్ట్రాల మండళ్ళు కూడా గ్రీన్ టారిఫ్ పెట్టాయి. ఏటా టారిఫ్ ఆర్డర్‌లో మారొచ్చు కాబట్టి మీరు చూసే సంవత్సరం ఆర్డర్‌లో ఎంతుందో మీ సెక్షన్ ఆఫీసులో అడగండి. లెక్క అర్థం కావడానికి ఇక్కడ 66 పైసలే తీసుకుంటాను.

ఈ ధర ఎలా కడతారు? 2022 జూన్‌లో కేంద్రం ఇచ్చిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నియమాలు దీనికి ఒక సూత్రం చెప్పాయి. డిస్కం కొనే పునరుత్పాదక కరెంటు సగటు ధర ఒకటి. దాని మీద క్రాస్ సబ్సిడీ చార్జీ ఉంటే అది. ఆపైన ఈ సేవ అందించడానికి డిస్కంకి అయ్యే న్యాయమైన ఖర్చు. మూడూ కలిపి మండలి నిర్ణయించాలి.

మొదటిదే అసలు కిటుకు. "సగటు ధర" అన్నారు, నిన్న పెట్టిన సోలార్ ప్లాంటు ధర అనలేదు. పదేళ్ళ కింద, పన్నెండేళ్ళ కింద ఖరీదైన రేట్లకి పాతికేళ్ళ ఒప్పందాలు రాసుకున్న సోలార్, గాలి ప్లాంట్లు డిస్కంల మెడకి ఇంకా ఉన్నాయి. వాటి పక్కనే రెండున్నర రూపాయలకి వచ్చే కొత్త కరెంటూ ఉంది. రెండూ కలిపి సగటు తీస్తే పాత అప్పు కొంత మీ సగటులోకి వస్తుంది. సంఘంలో పాత బాకీ ఉంటే కొత్తగా చేరిన సభ్యుడి వాటా కూడా పెరిగినట్టు.

డిస్కం ఆ గ్రీన్ యూనిట్లు ఎక్కడి నుంచి తెస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. మీరు దరఖాస్తు పెట్టారని కొత్తగా ఎవరూ ప్యానెల్ బిగించరు. ఎప్పటి నుంచో ఉన్న దీర్ఘకాల ఒప్పందాల కింద వచ్చే సోలార్, గాలి కరెంటు కొలనులోంచే మీ పేరు మీద ఇన్ని యూనిట్లు అని పుస్తకంలో రాస్తారు. మీరు కట్టే అదనపు పైసలు టారిఫ్ ఆదాయంలో కలుస్తాయి. కొత్త ప్లాంటుకి విడిగా దాచే హుండీ కాదది.

ఇప్పుడు గానుగ లెక్క వేద్దాం. నెలకి 1500 యూనిట్లు వాడే చిన్న నూనె యూనిట్ అనుకోండి. ఏడాదికి 18,000 యూనిట్లు. యూనిట్‌కి 66 పైసల చొప్పున గ్రీన్ టారిఫ్ 11,880 రూపాయలు. అదే 18 సర్టిఫికేట్లు 110 చొప్పున కొంటే 1,980. ధర 350 ఉన్నా 6,300. పైన జీఎస్టీ, మధ్యవర్తి కమీషన్ ఉంటాయి, అవి కలిపినా తేడా తెలుస్తూనే ఉంది. ఫోన్ చేసినాయన చెప్పిన "ఆరో వంతు" ఇక్కడి నుంచి వచ్చింది. ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ పూర్తిగా చెప్పలేదు.

ఒకే దూడ, ఇద్దరు కొనుగోలుదారులు

2022 నియమాల్లో ఒక వాక్యం ఉంది. బాధ్యత ఉన్న సంస్థ తన వంతుకి మించి కొన్న గ్రీన్ కరెంటు డిస్కం ఆర్‌పీఓ లెక్కలోకి పోతుంది అని దాని సారాంశం. మన మిల్లుకి ఆర్‌పీఓ బాధ్యతే లేదు, అంటే మన వంతు సున్నా. అలాగైతే మనం కోరి కొన్న గ్రీన్ యూనిట్లు డిస్కం ఎలాగూ తీర్చాల్సిన 29 శాతమో 43 శాతమో, ఆ లెక్కలోకే పోతాయి.

దీని అర్థం ఒకసారి ఆలోచించండి. డిస్కం చట్టం ప్రకారం ఎలాగూ కొనాల్సిన సోలార్ కరెంటుకి మీరు పక్క నుంచి 66 పైసలు సాయం చేశారు. మీరు కట్టకపోయినా ఆ సోలార్ యూనిట్ తయారయ్యేది. మీరు కట్టినందువల్ల ఒక్క బొగ్గు బస్తా కూడా అదనంగా మిగల్లేదు. చట్టరీత్యా ఇందులో తప్పేమీ లేదు. డిస్కం ఇచ్చే సర్టిఫికేట్ నిజమైనదే, సరుకు కొనే కంపెనీ ఫారంలో చూపించొచ్చు. కానీ "మా నూనె వల్ల వాతావరణానికి ఇంత మేలు" అని ప్యాకెట్ మీద వేస్తే మాత్రం నాకు మనసొప్పదు.

అమెరికాలో ఈ తేడా పట్టించుకుంటారు. అక్కడ గ్రీన్-ఈ అనే ధ్రువీకరణ ఉంది. చట్టం కింద ఎలాగూ తీర్చాల్సిన బాధ్యతకి లెక్కపెట్టిన యూనిట్‌ని కోరి కొనేవాడికి మళ్ళీ అమ్మకూడదన్నది దాని షరతు. మన దగ్గర ఆ గీత అంత గట్టిగా లేదు.

అమెరికా అన్నాను కాబట్టి టెక్సాస్‌లోని ఆస్టిన్ సంగతి కూడా చెప్పాలి. అక్కడి కరెంటు సంస్థ ఆస్టిన్ ఎనర్జీ నగరపాలక సంస్థదే. ఇరవై ఏళ్ళ కిందటే గ్రీన్‌చాయిస్ అనే పథకం పెట్టింది. పడమటి టెక్సాస్ గాలిమరల కరెంటుని కొని, చేరిన వాళ్ళకి బిల్లులో ఉండే ఇంధన చార్జీ తీసేసి దాని బదులు గ్రీన్ చార్జీ వేసింది. ఆ గ్రీన్ చార్జీ ఏళ్ళ తరబడి మారదు. చేరినప్పుడు కొంచెం ఎక్కువే. కానీ గ్యాసు ధరలు పెరిగి మామూలు వాళ్ళ ఇంధన చార్జీ ఎగబాకితే గ్రీన్ వాళ్ళ బిల్లు అక్కడే నిలిచింది. 2005 తర్వాత గ్రీన్ వాళ్ళదే తక్కువ బిల్లు అయ్యి, చేరడానికి జనం ఎగబడ్డారు. గాలికి ఇంధనం ఖర్చు లేదు కదా, ఆ లాభం కట్టినవాడికే ఇచ్చారు. తర్వాత 2009లో వచ్చిన విడత ధర బాగా పెరగడంతో కొనేవాళ్ళు కరువయ్యారు, అది వేరే సంగతి. మన దగ్గర అలా కాదు. మామూలు టారిఫ్ పెరిగితే అదీ కట్టాలి, దాని మీద గ్రీన్ పైసలూ కట్టాలి. బొగ్గు ధర పెరిగితే వచ్చే సర్దుబాటు చార్జీలోంచి గ్రీన్ వినియోగదారుడిని తప్పించాలని మన మండళ్ళ బహిరంగ విచారణల్లో అడగొచ్చు. ఏటా టారిఫ్ ప్రతిపాదనల మీద అభ్యంతరాలు తీసుకుంటారు, ఎవరైనా రాయొచ్చు, తెలుగులోనే రాయొచ్చు. రైతు సంఘాలు ఉచిత కరెంటు గురించి రాస్తాయి గానీ మిల్లు బిల్లు గురించి రాసేది తక్కువ.

సొంత కప్పు మీద సోలార్ ఉంటే

కప్పు మీద 20 కిలోవాట్లు పెట్టుకున్నాం, మేము సర్టిఫికేట్లు అమ్ముకోవచ్చా అని కూడా అడిగారు. లెక్క చూడండి. మన ఎండకి కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు. 20 కిలోవాట్లంటే రోజుకి 80, ఏడాదికి 29,000 చిల్లర. అంటే 29 సర్టిఫికేట్లు, 110 చొప్పున 3,190 రూపాయలు. రిజిస్ట్రేషన్ ఫీజులకే సరిపోదు. అదే 29,000 యూనిట్లు యూనిట్‌కి 7 రూపాయల చొప్పున బిల్లులో తగ్గితే రెండు లక్షలు. గేదె ఇంట్లో ఉంది, పలుపు ధర గురించి బేరం ఎందుకు?

అసలు విషయం ఇంకొకటి. చాలా రాష్ట్రాల నెట్ మీటరింగ్ నిబంధనల్లో, బాధ్యత లేని వినియోగదారుడి కప్పు మీద తయారైన యూనిట్లు డిస్కం ఆర్‌పీఓ లెక్కలోకి పోతాయని ఉంటుంది. పీఎం కుసుమ్ కింద పొలాల్లో పెట్టే ప్లాంట్లదీ అంతే, ఆ కరెంటు డిస్కం బాధ్యతకి లెక్క. నెట్ మీటర్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేటప్పుడు ఈ పేరా ఎవరూ చదవరు. ఒకసారి తీసి చదవండి. ఆ పేరా ఉంటే ప్యానెళ్ళు మీవి, ఆదా మీది, పచ్చదనం కాగితం మీది కాదు. దాన్ని బయట ఎవరికైనా అమ్మితే దూడని రెండోసారి అమ్మినట్టే.

ఓపెన్ యాక్సెస్ అనే మూడో దారి కూడా ఉంది, అంటే డిస్కం తీగలు వాడుకుని సోలార్ ప్లాంటు దగ్గర నేరుగా కరెంటు కొనడం. మంజూరైన లోడు 100 కిలోవాట్లు ఉండాలి. 2023 సవరణతో ఒకే విద్యుత్ డివిజన్‌లో ఒకే వినియోగదారుడి కనెక్షన్లు కలిపి 100 అయినా చాలు. పెద్ద సమాఖ్యలకి, డెయిరీలకి పనికొస్తుంది. పది హెచ్‌పీ గానుగకి కాదు.

ఇంకో చిన్న సంగతి. ఈ కాగితాలు ఏ గంటలో తయారైన కరెంటో మీకు చెప్పవు. మీ గ్రైండరు రాత్రి ఎనిమిదికి తిరిగినా, మధ్యాహ్నం తయారైన సోలార్ కాగితం కొంటే లెక్క సరిపోతుంది. పొద్దున పది నుంచి మూడింటి దాకా గానుగ తిప్పి, సాయంత్రం ఆపేస్తే గ్రిడ్‌లో బొగ్గు మీద నిజంగా భారం తగ్గుతుంది. దానికి సర్టిఫికేట్ ఎవరూ ఇవ్వరు. మనవాళ్ళు చాలామంది వేడికి భయపడి తెల్లవారుజామున ఆడిస్తారు, నూనె నాణ్యతకి అదే మంచిదైతే అదే చేయండి. కానీ ప్యాకింగు, శుభ్రం చేయడం, పొడి కొట్టడం లాంటివి మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు.

ఫోన్ చేసినాయనని ఏం అడగాలి

సర్టిఫికేట్ ఎక్స్‌చేంజీ ద్వారా వస్తుందా, వేరే విదేశీ రిజిస్ట్రీదా? మన దేశంలో ఐ-రెక్ అనే అంతర్జాతీయ కాగితాలు కూడా అమ్ముతున్నారు, అవి మన ఆర్‌ఈసీలు కావు. ఎగుమతి కొనుగోలుదారులు కొందరు వాటినే అడుగుతారు కాబట్టి కొనేముందు మీ సరుకు కొనేవాళ్ళకి ఏది చెల్లుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. తర్వాత, ఆ కాగితం ఏ ప్లాంటుది, ఏ నెల కరెంటుది, మా సంఘం పేరు మీద రద్దు చేసిన రుజువు ఇస్తారా అని అడగండి. రద్దు రుజువు లేని కాగితానికి రూపాయి కూడా కట్టొద్దు. కార్బన్ క్రెడిట్ల పేరుతో మన పొలాల చుట్టూ తిరిగేవాళ్ళనీ ఇవే అడగాలి, అక్కడా ఇక్కడా దూడ ఒకటే.

డిస్కం గ్రీన్ టారిఫ్ తీసుకునేవాళ్ళు అడగాల్సింది ఒకటే: ఈ యూనిట్లు మీ ఆర్‌పీఓకి లెక్కపెట్టుకుంటున్నారా, ఆ విషయం సర్టిఫికేట్ మీద రాస్తారా? కనీసం ఏడాదికి ఒప్పుకోవాలి కాబట్టి చేరేముందే అడగండి. బిల్లులో ఆ పైసలు విడి లైనులో కనిపించాలి.

లేబుల్ మీద ఏం వేయాలన్నది మిగిలింది. కప్పు మీద ప్యానెళ్ళుంటే "మా మిల్లు కప్పు మీద 20 కిలోవాట్ల సోలార్ ఉంది" అని వేయండి. అది కళ్ళతో చూడగలిగే నిజం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. సర్టిఫికేట్లు కొంటే "2024-25లో మేం వాడిన 18,000 యూనిట్లకి సరిపడా 18 సర్టిఫికేట్లు కొన్నాం" అని అంకెతో సహా వేయండి. గ్రీన్ టారిఫ్ అయితే "డిస్కం గ్రీన్ టారిఫ్ కింద" అనే మాట తప్పకుండా ఉండాలి. "100 శాతం సోలార్ నూనె" అని మాత్రం, రాత్రి గ్రిడ్ కరెంటు మీద మోటారు తిరిగే ఏ యూనిట్ అయినా వేయకూడదు. పీజీఎస్ తనిఖీకి వచ్చిన పక్క ఊరి రైతు "కరెంటు పోతే కూడా తిరుగుతుందా?" అని అడిగితే చాలు, ఆ లేబుల్ అక్కడే చిరిగిపోతుంది.